తిప్పమ్మ రాగి బాటిలు

హిందూపురంలో కదిరప్ప కారు ఎక్కే మనిషికి రెండు అలవాట్లు ఉండాలి. ఒకటి దేవుడి మీద నమ్మకం. రెండోది కాళ్ళ మధ్య నీళ్ళ క్యాను పెట్టుకుని కూర్చోవడం. మొదటిది లేకుండా ఎక్కినవాళ్ళు కూడా సోమందేపల్లి దాటేసరికి ఎక్కడో ఒకచోట తెచ్చుకునేవాళ్ళు. కదిరప్ప కారు వల్ల గుడికి పోవడం మొదలుపెట్టినవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురున్నారని చెప్పుకుంటారు. ఆ పుణ్యం కారుకే చెందాలి.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరపు అంబాసిడరు. పుట్టినప్పుడు తెలుపు. ఇప్పుడు కాచిన పాల మీద మీగడ రంగు. కదిరప్పకు అరవై ఆరు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట డ్రైవరుగా ఆ కారు ఎక్కిననాటికి అతనికి మీసం బాగా నల్లగా ఉండేది. పన్నెండేళ్ళు షావుకారు కింద తోలాడు. షావుకారు విసిగిపోయి వదిలించుకుంటానంటే తానే తీసుకున్నాడు. అందరూ వద్దన్నారు. పన్నెండేళ్ళ సావాసాన్ని మూడో మనిషి చేతిలో ఎట్లా పెట్టేదని అతని బాధ.

కారుకున్న రోగం ఒకటే. పొంగు. నీళ్ళు కాగితే పొంగుతాయి. పాలయినా అంతే, పప్పయినా అంతే. ఆ కాలం కార్లలో పొంగిన నీళ్ళు పోవడానికి రేడియేటరు మెడ దగ్గర ఒక సన్న గొట్టం ఉండేది. అది ఆ నీళ్ళను తీసుకుపోయి రోడ్డు మీద వదిలేది. రోడ్డు తాగిన నీళ్ళను తిరిగి ఇవ్వదు. ఇంజను చల్లారాక రేడియేటరులో ఆ మేరకు కొరత పడేది. కొరత మీద మళ్ళీ తోలితే మళ్ళీ కాగేది, మళ్ళీ పొంగేది. ఆఖరుకు బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచి, మాంసం కూర వండుతున్నట్టు చప్పుడు చేసి, ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడేది.

"బండికి వేడి చేసింది," అనేవాడు కదిరప్ప దిగి, ఇంట్లో చంటిపిల్ల గురించి చెప్పినంత మెత్తగా.

అందువల్ల హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఉన్న ప్రతి బోరింగూ, ప్రతి తొట్టీ, కడవెత్తి ఇచ్చే ప్రతి తల్లీ అతనికి తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళలో నీళ్ళు లేవన్న ఇల్లు ఒక్కటి కూడా తగల్లేదని అతను గుడిలో ప్రమాణం చేసినట్టు చెబుతాడు. కరువు సంవత్సరాల్లో తాము ట్యాంకరు కోసం వరుసలో నిలబడినవాళ్ళు కూడా సగం బిందె వంచి పోశారు. కొత్తచెరువు దాటాక రోడ్డు పక్కన ఉండే పాపమ్మ అయితే, కారు చప్పుడు విని బకెట్టు ముందే బయట పెట్టేది.

తిప్పమ్మను అతనికి ఇచ్చింది కూడా ఆ పొంగే.

అప్పుడింకా కారు షావుకారుదే. సోమందేపల్లి పక్కన ఒక పల్లెలో పొంగింది. మొదటి ఇంటి ముందు కళ్ళాపి చల్లుతున్న అమ్మాయిని కదిరప్ప నీళ్ళడిగాడు.

"నీకా, బండికా?" అంది ఆ అమ్మాయి.

"బండికి."

"అట్లయితే తొట్లో ముంచుకో. ఎనుములు తాగంగ మిగిలినాయి."

"నాకయితే?"

"నీకయితే కడవలోవి ఇస్తా. మనిషివి కదా."

కదిరప్ప మనిషిగా తాగి, డ్రైవరుగా ముంచుకుని వెళ్ళాడు. ఆ తర్వాత వారానికొకసారి సరిగ్గా ఆ ఇంటి ముందే కారుకు వేడి చేయసాగింది. నాలుగోసారి ఆమె నాయన తొట్టి పక్కన మంచం వాల్చుకుని కూర్చున్నాడు. "ఏమబ్బా, రిపేరు బండికా, నీకా?" అని నిదానంగా అడిగాడు. ఆ ఎండాకాలం పోకముందే పెళ్ళి జరిగింది.

ఇన్నేళ్ళూ ఆ పొంగుతో తిప్పమ్మ సర్దుకుంది. సర్దుకోలేనిది మొన్న ఉగాది ముందు జరిగింది. కూతురు పద్మను ధర్మవరంలో ఇచ్చారు. పద్మ బిడ్డకు చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టారు. బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చుంటేనే చెవులు కుట్టేది. మేనమామ అంటే కదిరప్ప కొడుకు నాగేంద్ర. అతను పెనుకొండలో కాపురముండి, దగ్గరే ఉన్న కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. దినానికి వందల కొత్త కార్లు అతని చేతుల మీదుగా పోతాయి. అయినా ఆ దినం తండ్రి మీద మర్యాదకు పాత కారు ఎక్కాడు. ధర్మవరానికి పది మైళ్ళ ముందు కారు ఆవిరి వదిలింది. అక్కడ ముహూర్తం దాటిపోయింది. చెవులు కుట్టడానికి వచ్చిన ఆచారి బంగారు తీగ మళ్ళీ పొట్లం కట్టుకుని, పెట్టిన వడలు తిని వెళ్ళిపోయాడు. వీళ్ళు చేరేసరికి బిడ్డ నిద్రపోతోంది. పద్మ ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళింది.

కారును ధర్మవరంలోనే వదిలి, బస్సులో తిరిగి వచ్చారు. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక తిప్పమ్మ నోరు తెరిచింది.

"ఇంగొక ముహూర్తం పెట్టిరి. శుక్రవారం. ఇంగ పదైదు దినాలు ఉండాది. ఆ దినం బానెట్టు తెరవకుండా ధర్మవరం పోతే, కారు నీది. దావలో బానెట్టు తెరిస్తే, కారు ఎంకటప్పది."

వెంకటప్ప పెనుకొండ దగ్గర బెంగుళూరు హైవే మీద హోటలు కడుతున్నాడు. ఆరు నెలలుగా కారు ఇమ్మని వెంటపడుతున్నాడు. తోలడానికి కాదు. నడిమికి కోసి, ముందు సగం జ్యూసు కౌంటరు చేసి, వెనక సగం సోఫా చేస్తానంటాడు. ఆ ముందు సీట్లోనే పద్మ పుట్టినప్పుడు తిప్పమ్మను ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నాడు కదిరప్ప. అక్కడ మిక్సీ పెట్టి దానిమ్మకాయలు పిండుతారట. ఆ రాత్రే తిప్పమ్మ వెంకటప్పకు ఫోను చేసి పందెం సంగతి చెప్పేసింది.

మరుసటి రోజు పొద్దున్నే పోయి, వదిలిన కారు తెచ్చుకుని, పెనుకొండకు, ఇమాం దగ్గరికి పోయాడు.

ఇమాం నలభై ఏళ్ళుగా రేడియేటర్లు అతుకుతున్నాడు. బస్టాండు పక్క సందులో షెడ్డు. బోర్డు మీద 'ఇమాం రేడి' వరకే మిగిలింది, తక్కిన అక్షరాలను ఎండ తినేసింది. ఇప్పటి కార్లవి ప్లాస్టిక్కు రేడియేటర్లు, పోతే పారేయడమే. అందుకని ఇమాంకు పని తక్కువ, తీరిక ఎక్కువ. షెడ్డు ముందు కుండ పెట్టి, బస్సు దిగినవాళ్ళకు నీళ్ళు పోస్తుంటాడు. కదిరప్ప కథ అంతా విని, ఇంటి నుంచి భార్య షంషాద్‌బీ పంపిన టీ సగం అతని గ్లాసులోకి వంచాడు.

"నేను ఇరవై ఏండ్లుగా చెప్తాండా కదా కదిరన్నా. దానికి ఒక టాంకీ పెట్టుకో అని. వేడెక్కితే దాంట్లోకి కక్కుతాది. సల్లబడితే దాంట్లోవే మళ్ళా తాగుతాది. రోడ్డుకు చుక్క పోదు. నువ్వు యినకపోతివి."

కదిరప్ప వినకపోవడానికి కారణం ఉంది. ఆ కారణం ఇమాంకు కూడా చెప్పుకునేది కాదు. టాంకీ పెడితే కారు ఆగదు. కారు ఆగకపోతే ఏ ముఖం పెట్టుకుని ఆ ఇళ్ళ ముందు దిగేది, ఆ తల్లులను నీళ్ళేమని అడిగేది. ఇప్పుడు ఆ మాట మింగి, "పెట్టు సాయిబూ," అన్నాడు.

ఇమాం లోపలికి పోయి, ఏదో కొత్త కారుకు వచ్చిన తెల్ల ప్లాస్టిక్కు టాంకీ తెచ్చాడు. "దీనికి గీతలుండాయి. నీళ్ళు యాడికుండాయో బయటినుంచే కనపడతాయి."

కదిరప్ప దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు. "పుట్టపర్తి ఆస్పత్రిలో మంచం పక్కన ఏలాడదీసేది ఇట్లాంటిదే. నా కారుకు యాభై దగ్గరపడినాది నిజమే సాయిబూ. ఆ గతి ఇంకా రాలేదు."

ఆ సాయంత్రం నాగేంద్ర ఫోనులో ఇంకొకటి చూపించాడు. అల్యూమినియంది, అద్దంలా మెరుగు పెట్టినది, పందెం కార్లకు పెట్టేది. కదిరప్ప కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఇది పెడితే నా రేడియేటరు పక్కన, పెండ్లికొడుకు కంటే తోడుపెండ్లికొడుకు మెరిసినట్టుంటాది. వద్దులే నాయనా."

అతనికి కావలసింది కారు ఈడుకు తగినది. ఇత్తడి రేడియేటరు పక్కన, అమ్మ పక్కన అవ్వలా, ఒదిగి కూర్చునేది. రెండు రోజులు హిందూపురం పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగాడు. మూడోరోజు అన్నం తింటూ తలెత్తితే వంటింటి అలమరలో పైవరుసలో కనబడింది. పద్మ పండక్కి తెచ్చి ఇచ్చిన రాగి నీళ్ళ బాటిలు. లీటరు పడుతుంది. తిప్పి బిగించే మూత. తిప్పమ్మ దాన్ని వాడదు, చుట్టాలొస్తే చూపిస్తుంది. దేవుడు చూపించాడనుకున్నాడు కదిరప్ప. దేవుడు తిప్పమ్మను అడిగి చూపించాడా అన్నది అప్పుడు ఆలోచించలేదు. సంచిలో వేసుకుని బయటపడ్డాడు.

ఇమాం బాటిలు మీద వేలితో కొట్టి చూశాడు. "సరుకు మంచిదే. వదినకు తెలుసా?"

"తెలిసేలోపల బిగించు."

"సరే. లోపల నీళ్ళు ఎంతుండాయో ఎట్ల కనపడేది? ఇది ప్లాస్టిక్కు కాదే."

కదిరప్ప జేబులోంచి కాలిపోగా మిగిలిన ఊదుబత్తి పుల్ల తీసి, మూతి లోంచి ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో వేలితో పట్టి చూపించాడు.

"మీ సామి పుల్లతో నా టాంకీ కొలిచేదా," అన్నాడు ఇమాం.

"సామికి కావాల్సింది వాసన. అది ఆయన తీసుకున్యాడు. పుల్లతో ఆయనకేం పని."

ఇమాం నవ్వుతూ పనిలోకి దిగాడు. మూతకు రెండు రంధ్రాలు పొడిచాడు. ఒకటి గొట్టానికి, ఒకటి గాలికి. గొట్టం బాటిలు అడుగుకు వేలెడు ఎత్తు వరకూ దిగాలి, నీళ్ళలో మునిగే ఉండాలి. లేకపోతే నీళ్ళకు బదులు గాలి తాగుతుంది. సైలెన్సరు పక్క వేడి కనుక బ్యాటరీ పక్కన, రేడియేటరు మెడ ఎత్తుకు, పట్టీ వంచి కట్టాడు. పట్టీ కింద ట్యూబు ముక్క పెట్టాడు, గడగడలాడకుండా. నీళ్ళలో ఇంజను చల్లగా ఉంచే పచ్చ కూలెంటు మందు కలిపి, సగానికి పోశాడు. సగం ఖాళీ ఎందుకంటే, పొంగు వచ్చినప్పుడు దానికీ చోటు కావాలి కదా.

మొదటి రోజు ఓడిపోయారు. కారు బాటిల్లోకి కక్కింది గాని, చల్లారాక తిరిగి తీసుకోలేదు.

"ఉమ్మేది నేర్చుకున్యాది. మింగేది రాలేదు," అన్నాడు ఇమాం. తప్పు రేడియేటరు మూతది. పాత మూతకు లోపల ఒకటే రబ్బరు. పైన అంచుకు ఇంకొక రబ్బరు లేకపోతే, ఇంజను చల్లారి పీల్చేటప్పుడు మూత సందులోంచి గాలి జొరబడుతుంది. రెండు రబ్బర్ల మూత కోసం కదిరప్ప హిందూపురంలో నాలుగు స్పేరు పార్టుల అంగళ్ళు ఎక్కి దిగాడు. నాలుగో అంగడతను తన దగ్గర లేదని, ఇంకొక అంగడికి తన బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయి ఇప్పించాడు. ఇంకొకరి బేరం కోసం తన అంగడి వదిలి వచ్చిన ఆ మనిషి పేరు కూడా కదిరప్పకు తెలియదు.

ఆ మూత పెట్టాక కారు మనిషయింది. తోలి వచ్చాక పుల్ల ముంచితే తడి పైకి. చల్లారాక ముంచితే తడి కిందికి. పోయిందంతా తిరిగి వచ్చేది. కదిరప్ప తెల్లారుతూనే పుల్ల పట్టుకుని బానెట్టు ముందు నిలబడేవాడు. ఎదురింటివాళ్ళు అతను ఇంజనుకు ఊదుబత్తి చూపిస్తున్నాడనుకుని, ముసలితనం కదా అని ఊరుకున్నారు.

ఈ పది రోజులూ తిప్పమ్మ ఇల్లంతా రాగి బాటిలు వెతుకుతూనే ఉంది. "నాగేంద్ర గాని ఫ్యాక్టరీకి ఎత్తుకపోయినాడేమో," అంటే, కదిరప్ప "పోయుండొచ్చు," అన్నాడు. కన్నకొడుకు మీద అంత తేలిగ్గా నింద వేసినందుకు ఆ రాత్రి నరసింహస్వామి పటం ముందు రెండు గుంజిళ్ళు తీశాడు. నిజం మాత్రం చెప్పలేదు.

శుక్రవారం వచ్చింది. ముహూర్తం పదిన్నరకు. తెల్లారకముందే కదిరప్ప పుల్లతో కొలిచి, బానెట్టు ఎత్తే ఉంచి స్నానానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి బానెట్టు మూసి ఉంది. దాని మీద పసుపు, కుంకుమ, రెండు కనకాంబరాలు. చక్రాల కింద నిమ్మకాయలు. తిప్పమ్మ కొత్త చీరలో, ముందు సీట్లో, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. బాటిలు మాట ఎత్తలేదు. కాళ్ళ దగ్గర నీళ్ళ క్యాను కూడా లేదు. పెళ్ళయినాక ఆమె ఆ క్యాను లేకుండా ఆ కారులో కూర్చోవడం అదే మొదలు.

"క్యాను యాడమ్మే?" అన్నాడు.

"ఏంటికి. బండి బాగుపడిందంటివే."

అది నమ్మకమో సవాలో తెలియక, కదిరప్ప సెల్ఫు కొట్టాడు.

పెనుకొండ వరకూ కారు పెళ్ళి ఊరేగింపులా పోయింది. ఇంజను వేడి చూపే ముల్లు మధ్యలో కదలకుండా నిలబడింది. పెనుకొండలో నాగేంద్ర అప్పుడే షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేస్తున్నాడు. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఇమాం షెడ్డు నుంచి నడిచి వచ్చాడు. బొరుగుల పొట్లం ఒకటి బిడ్డకని తిప్పమ్మ చేతిలో పెట్టి, అలవాటుగా బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"ఒకసారి చూస్తా అన్నా."

"తెరిసినావంటే బండి పాయె," అన్నాడు కదిరప్ప. పందెం సంగతి గుర్తొచ్చి ఇమాం వేడి గిన్నె ముట్టినట్టు చెయ్యి తీసేశాడు. చూసి ఉంటే కథ అక్కడే ముగిసేది.

కొత్తచెరువు దాటాక ముల్లు కదిలింది.

మొదట కదిరప్ప తన కళ్ళను అనుమానించాడు. తర్వాత కళ్ళజోడును. వేగం తగ్గించాడు. ముల్లు తగ్గలేదు. వెనక సీట్లోంచి నాగేంద్ర ముందుకు వంగాడు.

"నాయనా, ముల్లు లేస్తాండాది."

"కనపడతాండాది."

తిప్పమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. కదిరప్ప మనసులోనే ఇంటి దేవుడు నరసింహస్వామిని పలకరించాడు. అతని భక్తిలో బతిమాలడం కంటే వాదించడం ఎక్కువ. సామీ, నీకు ఉగ్రం వస్తే ఊరంతా కలిసి పానకం పోసి దించుతాం. దీనికి ఉగ్రం వస్తే నేనొక్కణ్ణి ఏం పోసేది. పందెం అని తెలిసీ ఈ పొద్దే రావాల్నా.

ముల్లు ఇంకో గీత ఎక్కింది.

ఇంకా ఆవిరి రాలేదు. కళ్ళు మూసుకుని తోలితే ధర్మవరం చేరినా చేరొచ్చు. పందెం గెలవొచ్చు. చేరకపోతే ఇంజను బిగుసుకుపోతుంది, మేనమామ మళ్ళీ రోడ్డు మీద నిలబడతాడు, పద్మ మళ్ళీ ముఖం తిప్పుకుంటుంది. ఇప్పుడే ఆగి చల్లార్చి నీళ్ళు పోస్తే, ముహూర్తం అందుతుంది. కారు ఒక్కటే పోతుంది. జ్యూసు కౌంటరు మరొకసారి కళ్ళ ముందు కదిలింది. దానిమ్మకాయలు కూడా కనిపించాయి.

కదిరప్ప కారును రోడ్డు పక్కకు దించాడు. అతను చూసుకోలేదు గాని, స్టీరింగుకు గుర్తే. ఆగింది పాపమ్మ ఇంటి ముందు.

దిగి, ఎవరి ముఖం చూడకుండా, తానే బానెట్టు ఎత్తాడు. ఎత్తి, అట్లాగే నిలబడిపోయాడు.

బాటిలు మెరుస్తోంది. ఇమాం చేతి మసి, పది రోజుల దుమ్ము, ఏవీ లేవు. గర్భగుడిలో అభిషేకం చెంబులా, ఇంజను మధ్యలో ధగధగలాడుతోంది.

"ఇది ఎవరు తోమిరి?"

"నేనే," అంది తిప్పమ్మ, పళ్ళెం సీట్లో పెట్టి దిగుతూ. "పొద్దున నువ్వు నీళ్ళు పోసుకుంటాంటే. పది దినాలు ఇల్లంతా ఎతికితి. చూస్తే ఈ బండి కడుపులో పెట్టుకోనుండాది. మూత తీస్తే లోపలంతా పచ్చగా చిలుము. ఎన్ని దినాలాయనో కడిగి. పారబోసి, చింతపండు ఉప్పు యేసి తోమినా."

"అది చిలుము కాదమ్మే. కూలెంటు. అదట్లే పచ్చగుంటాది."

"మా ఇంట్లో రాగిలో పచ్చగా ఉంటే చిలుమంటారు."

నాగేంద్ర అవతలికి తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"మళ్ళా దాంట్లో ఏం పోసినావు?" అన్నాడు కదిరప్ప.

"ఏం పోస్తారు. ఫిల్టరు నీళ్ళు, నిండా. నువ్వు సాయిబుతో ఫోన్లో అంటాంటివి కదా, సల్లబడినాక ఇది దీంట్లోవి తాగుతాదని. తాగే నీళ్ళు కదా అని తులసి కూడా యేసినా."

కదిరప్ప మూత తిప్పి, గొట్టం పైకి లాగాడు. గొట్టం మూతిలో తులసి రెమ్మ ఒకటి, కాడతో సహా, బిరడా కొట్టినట్టు ఇరుక్కుని ఉంది. పెనుకొండలో అరగంట ఆగినప్పుడు చల్లారి, కారు తన నీళ్ళు తాను తాగబోయింది. నీళ్ళకంటే ముందు తులసి వచ్చి గొంతుకు అడ్డం పడింది. అక్కడి నుంచి కొరత నీళ్ళతో ఇంత దూరం లాక్కొచ్చింది.

నాగేంద్ర ఫోనులో ఇమాంకు సంగతి చెప్పాడు. అవతలి నుంచి వినబడింది. "నలభై ఏండ్లలో రేడియేటరులో బల్లిని చూసినా. ఉంగరం చూసినా. తులసి సూడలేదబ్బా."

"ఇది కారు తప్పు కాదమ్మా," అన్నాడు నాగేంద్ర ఫోను పెట్టేసి.

"నాదంటావా?"

"తులసమ్మదంటా."

"అమ్మవారిని అనొద్దురా," అని తిప్పమ్మ చెంపలు వేసుకుంది. కొడుకు తరఫున కూడా ఇంకొకసారి వేసుకుంది.

కదిరప్ప తడి రెమ్మను అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఇదే కారుకు ఎనుములు తాగిన తొట్టి చూపించిన మనిషి, ఈ పొద్దు దానికి ఫిల్టరు నీళ్ళలో తులసి వేసి ఇచ్చింది. రెమ్మను పారేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

పాపమ్మ బకెట్టుతో బయటికి వచ్చింది.

"ఏమన్నా, రెండు నెలలాయె ఈడ ఆగక. నీకు బాగలేదా, లేక కారు బాగుపడిందా అనుకుంటాంటిమి."

"రెండూ లేదులే చెల్లీ," అన్నాడు కదిరప్ప.

పాపమ్మ ముగ్గురికీ మజ్జిగ ఇచ్చింది. ఇంజను చల్లారేదాకా కూర్చున్నారు. తర్వాత కదిరప్ప మూత మీద తడిగుడ్డ వేసి, కొంచెం కొంచెంగా తిప్పి ఆవిరి వదిలి, ఇంజను ఆడుతుండగా నిదానంగా నీళ్ళు పోశాడు. బాటిల్లో సగం వంచేసి గొట్టం అడుగుదాకా దించాడు. ఈసారి తిప్పమ్మ పక్కనే నిలబడి చూసింది. సగమే ఎందుకని అడిగింది. పొంగు కోసమని చెప్పాడు. "ఆ మాట ముందే చెప్పుంటే అయిపోయేది కదా," అంది.

పదీ పదికి ధర్మవరం చేరారు. వీధిలో మగ్గాల చప్పుడు, పద్మ ఇంటి ముందు మామిడాకులు. ఆచారి ఈసారి వడలు ముట్టకుండా, తీగ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నాగేంద్ర ఒళ్ళో బిడ్డ మొదటి చెవికి ఏడ్చింది, రెండో చెవికి మేనమామ చెయ్యి కొరికింది. పద్మ బిడ్డకు బెల్లం నాకించి, తర్వాత ఆ వేలే కదిరప్ప నోట్లో పెట్టింది. ఈసారి ఆయన వేళకు అక్కడే ఉన్నాడు కాబట్టి.

భోజనాల దగ్గర కదిరప్ప ఫోను మోగింది. తెర మీద వెంకటప్ప పేరు. పందెం పందెమే. మాట తప్పే మనిషి కాదు అతను. ఎడమ చేత్తో ఫోను ఎత్తబోతే, తిప్పమ్మ అందుకుంది.

"ఏమప్పా కదిరప్పా, యాడ ఆగింది?" అని గట్టిగా వినబడింది. పంక్తిలో అందరికీ.

"నేనప్పా, తిప్పమ్మను. కారు అమ్మేది లేదు."

"అదేందమ్మా. బానెట్టు తెరిస్తే నాదంటిరే. తెరవలేదా?"

"తెరిచినాం."

"మరి?"

"దాంట్లో నా రాగి బాటిలు ఉండాది. నా కూతురు పండక్కి ఇచ్చింది. సాయిబు పట్టీ యేసి బిగించినాడు, ఊడబీకేది లేదు. బాటిలు నేనియ్యను," అంది తిప్పమ్మ. ఫోను పెట్టేసి, కదిరప్ప విస్తట్లో నెయ్యి వేసింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో గాలి చల్లగా ఉంది. ముల్లు సగానికి కూడా రాలేదు. పాపమ్మ ఇల్లు కనబడగానే కదిరప్ప కారు పక్కకు దించి ఆపాడు.

"ఇప్పుడేమాయె?" అంది తిప్పమ్మ.

"నీళ్ళు బండికి కాదమ్మే," అన్నాడు కదిరప్ప తలుపు తీస్తూ. "నాకు."